దాత పేరు బండ మీద.. కరెంటు బిల్లు ఎవరి మీద?

మా ఊరి బస్టాండు పక్కన ఒక వాటర్ ప్లాంట్ ఉన్నది. ఉన్నదంటే షెడ్డున్నది, షట్టరున్నది, షట్టరుకు తాళమున్నది. గోడకు నల్ల బండ మీద బంగారు రంగు అక్షరాలతోని ఫలానా ఆయన జ్ఞాపకార్థం ఆయన కొడుకులు కట్టించిండ్రని రాసి ఉన్నది. తాళం తుప్పు పట్టింది గాని బండ మాత్రం ఇప్పటికీ మెరుస్తనే ఉన్నది.

కట్టించినోళ్లు మా ఊరోళ్లే. ముగ్గురు అన్నదమ్ములు, అమెరికాల స్థిరపడ్డరు. మంచోళ్లు. ఓపెనింగ్ నాడు నేను డిగ్రీ రెండో ఏడు. టెంటు కట్టింది మేమే, కుర్చీలు మోసింది మేమే. 20 లీటర్ల క్యాన్ 4 రూపాయలకు పోసిండ్రు. రెండేండ్లు మస్తు నడిచింది. తర్వాత మెంబ్రేన్లు ఖరాబైనయి. మిషన్ నడిపే పిల్లగానికి జీతం ఇచ్చేది ఆ అన్నదమ్ముల దగ్గరి చుట్టం. ఆయన కరీంనగర్ల ఇల్లు కట్టుకొని పోయిండు. జీతం ఆగింది, పిల్లగాడు గల్ఫ్ పోయిండు. కరెంటు బిల్లు మీదపడ్డది. మీటర్ చూస్తే ఆ చుట్టం పేరు మీదనే ఉన్నది. పంచాయతీని అడిగితే "మాకు ఎవలూ అప్పజెప్పలే, తీర్మానం లేదు" అన్నరు. అన్నదమ్ములను అడిగితే "మేం ఇచ్చినం, మీరు కాపాడుకోలేదు" అన్నరు. ఊరోళ్లను అడిగితే "కట్టిండ్రు, పోయిండ్రు" అన్నరు.

ఇందుల ఎవరి మాటా అబద్ధం కాదు. అదే బాధ. ఇప్పుడు ఆటోల ఒచ్చే క్యాన్‌కు 15 రూపాయలు ఇస్తున్నం. ఇంట్ల నల్లా ఉన్నా, తాగనీకి ఫిల్టర్ నీళ్లే కావాలంటరు మా అవ్వలు.

ఇగ అసలు సంగతి. పోయిన నెల ఆ ముగ్గుర్ల పెద్దన్న నాకు ఫోన్ చేసిండు. "తమ్మీ, అమ్మ పేరు మీద పోటీ పరీక్షలు రాసే పిల్లలకు స్టడీ హాల్ కట్టిద్దామనుకుంటున్నం. పైసలకు ఫికర్ లేదు. ఈసారి మాత్రం తాళం పడొద్దు. ఎట్ల చేద్దామో నువ్వే చెప్పు" అన్నడు. నాకు నోట మాట రాలే. ఎట్లనో నాకేం తెల్సు? నెల రోజులు అడిగిన, చదివిన. తెలిసింది రాస్తున్న. ఎందుకంటే ఇసొంటి ఫోన్ మీ ఊర్లకు కూడా ఒకనాడు ఒస్తది. అమెరికా నుంచో, దుబాయ్ నుంచో, హైదరాబాద్ల పెద్దగైన కుటుంబం నుంచో.

ముందుగాల మనందరికీ తెల్సిన 108 సంగతి చూద్దాం.

రోడ్డు మీద యాక్సిడెంట్ అయితే, అర్ధరాత్రి నొప్పులొస్తే మన చెయ్యి తనంతల తానే 108 కొడతది. అది ఎవరు పెట్టిండ్రని ఇప్పటి పోరగాండ్లను అడిగితే సర్కారే అంటరు. నిజానికి అది ఒక కుటుంబం దాతృత్వం నుంచి మొదలైంది. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు కుటుంబం ఈఎంఆర్‌ఐ అనే సంస్థ పెట్టింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్ల 108 మొదలైంది. ఆళ్లు తల్చుకుంటే పది అంబులెన్సులు కొని, డోర్ల మీద నాయిన ఫొటో ఏసి తిప్పుకునేటోళ్లు. అట్ల చెయ్యలే. మొదటి నుంచే సర్కారుతోని ఒప్పందం రాసుకున్నరు. కాల్ సెంటర్, సాఫ్ట్‌వేర్, మేనేజ్‌మెంట్ సంస్థ చూసుకున్నది. బండ్లు, నడిపే ఖర్చు మెల్లమెల్లగ సర్కారు మీదికి ఒచ్చినయి. కొన్నేండ్లకు నడిపే ఖర్చుల 95 శాతం దాకా సర్కారే పెట్టే కాడికి ఒచ్చింది. బండిల ఉండే సిబ్బందికి శిక్షణ కోసం అమెరికాల స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ డాక్టర్లతోని కలిసిండ్రు. పోలీసు, ఫైర్ కూడా అదే నంబర్‌కు జతైనయి. గుజరాత్, తమిళనాడు, కర్ణాటక అసొంటి రాష్ట్రాలు మాక్కూడా కావాలని ఒప్పందాలు చేసుకున్నయి.

గప్పుడు పిడుగు పడ్డది. 2009 జనవరి 7న రామలింగరాజు లెటర్ రాసిండు. కంపెనీ లెక్కల్ల 7 వేల కోట్లకు పైగ గోల్‌మాల్ చేసిన్నని తనే ఒప్పుకున్నడు. జైలుకు పోయిండు. 2015ల కోర్టు శిక్ష ఏసింది. ఒక్క కుటుంబాన్ని నమ్ముకున్న పనైతే ఆ నాడే 108 బండ్ల టైర్ల గాలి పోయేది.

కాని ఫోన్ కొడితే బండి ఒచ్చుడు మాత్రం ఆగలే. నడిపే పైసలు బడ్జెట్ల నుంచి ఒస్తున్నయి కాబట్టి డీజిల్ ఆగలే. అదే ఏడాది జీవీకే కుటుంబం ముందుకొచ్చి సంస్థ బాధ్యత తీసుకున్నది. ఒక కుటుంబం చేతుల నుంచి ఇంకో కుటుంబం చేతులకు పోయింది, నంబర్ మారలే. 2020ల ఆంధ్రప్రదేశ్ సర్కారు నడిపే సంస్థనే మార్చింది. అక్కడి మనిషి ఇప్పటికీ 108యే కొడుతున్నడు.

దీన్ని నేను మల్లమల్ల ఆలోచించిన. మా ఊరి వాటర్ ప్లాంట్ ఒక్క చుట్టం ఇల్లు మారితే ఆగిపోయింది. 108 మాత్రం పెట్టినాయన జైలుకు పోయినా ఆగలే. తేడా యాడున్నది? పైసలల్ల లేదు. రోజు ఖర్చు ఎవరి పద్దుల రాసి ఉన్నదనే కాడ ఉన్నది. ఇంకోటి, జనం దాన్ని దానం లెక్క చూడలే, హక్కు లెక్క చూసిండ్రు. 108 ఆపుతం అనే ధైర్యం ఏ పార్టీకి లేదు. ఇంకోటి కూడా చెప్పాలె. దానికి ఇంటిపేరు పెట్టలే, నంబర్ పెట్టిండ్రు. ఇంటిపేరు పెట్టి ఉంటే 2009ల ఆ పేరు చెరిపే తొందర్ల బండ్లు గిట్ల ఆగేవో ఏమో.

అదే రాజు కుటుంబం 2001ల తండ్రి జ్ఞాపకంగ బైర్రాజు ఫౌండేషన్ పెట్టింది. గోదావరి జిల్లాల ఊర్లల్ల నీళ్లు, వైద్యం, చదువు మీద మస్తు పని చేసింది. దాని ఖర్చు ఎక్కువ కుటుంబం మీదనే ఆధారపడ్డది. ఆ కుటుంబం కూలిపోంగనే ఆ పనులు చాలా మటుకు కుంటుపడ్డయి. ఇచ్చిన చేతులు రెండిట్లనూ అవే గాని, పక్కన నిలబడ్డ చేతులు వేరు.

108ను పొగిడి చేతులు దులుపుకుంటలేను. ఆ బండ్లల్ల పనిచేసే మన అన్నలు, తమ్ముళ్లు జీతాల కోసం, పని గంటల కోసం ఎన్నిసార్లు సమ్మెకు దిగిండ్రో మనం చూసినం. దాత, సర్కారు ఒప్పందం రాసుకునేటప్పుడు మూడో మనిషి, అంటే పని చేసేటోడు, ఆ కాయితంల ఉండడు. మా ప్లాంట్ల మిషన్ తిప్పిన పిల్లగాడు కూడా ఏ కాయితంల లేడు. వాడు ఎందుకు గల్ఫ్ పోయిండంటే నవ్వొస్తది, ఏడుపూ వస్తది.

ఇంకో ఉదాహరణ మన దిక్కుదే. హైదరాబాద్ బంజారాహిల్స్‌ల ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి అందరికీ ఎరుకే. సినిమాలు తీసిన ఎల్వీ ప్రసాద్ కుటుంబం అయిదెకరాల జాగ, కోటి రూపాయలు ఇచ్చింది. అమెరికా నుంచి ఒచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు తన సంపాదన పెట్టి, పని నెత్తికెత్తుకున్నడు. 1987ల ఆస్పత్రి మొదలైంది. ఆడ నాకు నచ్చిన సంగతేందంటే, కుటుంబం పేరైతే పెట్టుకున్నది గాని, ఆపరేషన్ ఎట్ల చెయ్యాలె, ఎవలకు ఫ్రీ ఇయ్యాలె అనేది తెల్సినోళ్లకు ఇడిసిపెట్టింది. పైసలున్నోళ్ల దగ్గర ఫీజు తీసుకొని, లేనోళ్లకు ఫ్రీగ చూస్తరు. ఒచ్చేటోళ్లల్ల సగం మందికి ఫ్రీ. అంటే దాత ఎన్నడన్నా ఫోన్ ఎత్తకపోయినా ఆస్పత్రికి తిండి గింజలు ఆస్పత్రిలనే పండుతయి.

ఆళ్లు ఊర్లకు ఎట్ల పోయిండ్రో అది ఇంకా పెద్ద కథ. 1996ల మన ముధోల్ల, ఇప్పటి నిర్మల్ జిల్లాల, ఊరి దిక్కు మొదటి కంటి ఆస్పత్రి తెరిచిండ్రు. దానికి భోంస్లే గోపాల్‌రావు పటేల్ పేరున్నది. తర్వాత దాని కింద చిన్న చిన్న విజన్ సెంటర్లు పెట్టిండ్రు. సుమారు 50 వేల మందికి ఒక విజన్ సెంటర్, 5 లక్షల మందికి ఆపరేషన్లు చేసే ఒక ఆస్పత్రి అని లెక్క. ఒక్కో కాడ ఒక్కో దాత పైసలు పెడతడు. విజన్ సెంటర్ల కూసునేది పట్నం డాక్టర్ కాదు. ఆ దిక్కు ఊర్లల్ల ఇంటర్ చదివిన పిల్లలకే ఏడాది శిక్షణ ఇచ్చి, కండ్లు పరీక్ష చేసుడు, అద్దాలు రాసుడు నేర్పిస్తరు. పెద్ద రోగం కనబడితే పై ఆస్పత్రికి పంపుతరు. పట్నం డాక్టర్‌ను పల్లెల ఉంచుడు ఎంత కష్టమో మనకు తెల్వంది కాదు. ఆ ఊరి పిల్ల అయితే ఆ ఊర్లనే ఉంటది. ఆ చెల్లెకు కొలువైతది, ముసలవ్వకు చూపైతది.

ఇగ పాత కాలం అమెరికా ముచ్చట ఒకటి. ఉక్కు వ్యాపారంల సంపాదించిన ఆండ్రూ కార్నెగీ 2,509 లైబ్రరీలు కట్టించిండు. అడిగినోళ్లకల్లా ఇయ్యలే. జాగ మీరియ్యాలె, బిల్డింగ్‌కు నేనెంత ఇస్తనో దాంట్ల పది శాతం ఏటేటా నడుపనీకి మీ ఊరు పన్నుల నుంచి పెట్టాలె అన్నడు. పుస్తకాలు, జీతాలు ఊరి మీదనే ఏసిండు. కొన్ని ఊర్లు మాకొద్దన్నయి. కాని ఒప్పుకున్న ఊర్లు ఆ లైబ్రరీని మాది అనుకున్నయి. తన కార్ఖానాల కూలోళ్లను ఎట్ల చూసిండనేది వేరే సంగతి, అది తక్కువ సంగతేం కాదు. అయినా ఈ పది శాతం షరతు మాత్రం మస్తు తెలివైంది.

ఇది మనకు కొత్తేం కాదు. మనం కట్టే ఇంటి పన్నుల రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉన్నది. 1960 నాటి చట్టం అది. మా నాయిన రసీదు తీసి చూపిస్తే మా సంఘం పోరగాండ్లు నమ్మలే. ఆ పైసలు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలె. చాలా కాడ పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి అక్కడికి పంపుత లేవు. అమెరికా పైసల కోసం ఎదురుచూసే మనం, మనం కట్టిన పైసలు యాడికి పోయినయో అడుగుత లేం.

ఈడ ఒక మాట. కంపెనీలు ఇచ్చే సీఎస్ఆర్ పైసలు వేరు, కుటుంబం ఇచ్చే పైసలు వేరు. లాభాల మీద 2 శాతం అనే సీఎస్ఆర్ పైసలకు గడియారం ఉంటది. నడుస్తున్న ప్రాజెక్ట్ అయితే మొదలుపెట్టిన ఏడాది పోను మూడేండ్లల్ల ముగించాలె. అందుకే ఆళ్లకు గోడ కట్టుడే ఇష్టం, ఎందుకంటే గోడ మూడేండ్లల్ల అయితది. కుటుంబానికి ఆ తొందర లేదు. తల్లి పేరు మీద పదేండ్లు ఆగి చూసే ఓపిక ఉంటది. ఆ ఓపికే ఆళ్లు ఇచ్చే అసలు ఆస్తి. దాన్ని మనం ఒక్కనాటి ఓపెనింగ్ మీద, ఫ్లెక్సీల మీద ఖర్చు చేపిస్తున్నం.

పైసలు తెచ్చుకునే తొవ్వ సంగతి కూడా తెల్సుకోవాలె, లేకపోతే మంచికి పోతే చెడు ఎదురైతది. పెద్దన్నకు ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉన్నది. ఆయన తన సంపాదన బ్యాంకు ద్వారా మన సంఘానికి పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. తమ్ముళ్లిద్దరూ అమెరికా పౌరులైండ్రు. ఆళ్లు పంపితే అది విదేశీ విరాళం. తీసుకునే సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలె, ఢిల్లీల స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాల పడాలె. 2020ల చట్టం ఇంకా గట్టిగైంది. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ ఆ పైసలను మన లాంటి చిన్న సంఘానికి మల్లియ్యొద్దు. పని ఆ సంస్థనే సొంతంగ చెయ్యాలె. అంటే ఇప్పుడు భాగస్వామిని ఎంచుకునుడంటే పైసలు దాటించే మధ్యవర్తిని ఎంచుకునుడు కాదు, మన ఊర్లకొచ్చి మనతోని పని చేసేటోళ్లను ఎంచుకునుడు. మా సంఘానికి ఆ రిజిస్ట్రేషన్ లేదు. తమ్ముళ్ల వాటా ఎట్ల అనేది ఇంకా తేలలే. "ఎవరి ఖాతాలనో ఏసి తెచ్చుకుందాం" అని మా ఊర్ల ఒక పెద్దమనిషి సలహా ఇచ్చిండు. ఒద్దన్న. కేసైతే సంఘం పోరగాండ్ల కొలువులకే ఎసరొస్తది.

ఇదంతా చదివినంక పోయిన ఆదివారం సంఘం ఆఫీసుల మీటింగ్ పెట్టినం. సర్పంచమ్మ, పంచాయతీ కార్యదర్శి, మా సంఘం, పరీక్షలు రాసే పిల్లలు పదిహేను మంది. పెద్దన్న వీడియో కాల్‌ల ఉన్నడు. ఆయన ప్లాన్ పంపిండు. ఏసీ హాల్, 20 కంప్యూటర్లు, ముందట అమ్మ విగ్రహం. మంచిగనే ఉన్నది. నేను ఒక్కటే అడిగిన. "అన్నా, నాలుగో ఏడు ఏసీ కరెంటు బిల్లు ఎవరు కట్టాలె?"

ఆయన మొఖం మారింది. "ఇంకా కట్టకముందే బిల్లుల ముచ్చటేంది తమ్మీ?" అన్నడు. కొంచెం సేపు ఎవలం మాట్లాడలే. గప్పుడు గ్రూప్ ఫోర్‌కు చదివే ఒక చెల్లె లేచింది. "పెద్దన్నా, మాకు ఏసీ లేకున్నా నడుస్తది. బాత్‌రూమ్ కావాలె. బడి కాడి నుంచి హాల్ దాకా రోడ్డు మీద లైట్లు లేవు. అవి లేకపోతే పొద్దుగూకినంక మేం రాం. అప్పుడు అది మగపిల్లల హాలే అయితది" అన్నది. ఇంకొకామె సీదా చెప్పింది, "మాకు కంప్యూటర్ల కంటే గణితం చెప్పే సార్ కావాలె."

నిజం చెప్పాలంటే ఈ రెండు మాటలు నాకు కూడా తట్టలే. నెల రోజులు పుస్తకాలు తిరిగేసినోన్ని నేను. భాగస్వామి అంటే సర్కారు, సంస్థ అనే నా మనసుల ఉండె. ఆ హాల్ల కూసునే పిల్ల ముందు భాగస్వామి అనే సోయి లేకపాయె. పెద్దన్న కూడా సప్పుడు చెయ్యకుండ విన్నడు. తర్వాత "సరే, విగ్రహం పైసలతోని లైట్లు, బాత్‌రూమ్ అయితయా?" అని అడిగిండు. కార్యదర్శి సారు లెక్కేసి, అయితయన్నడు. అమ్మ పేరు మాత్రం ఉంటది, దాంట్ల ఎవలకూ పేచీ లేదు.

ఇప్పటికి కాయితం మీద పెట్టింది చెప్తున్న. కొత్త బిల్డింగ్ లేదు. ఖాళీగున్న పాత బడి గదులు రెండు బాగుచేసుడు. మీటర్ పంచాయతీ పేరు మీద. గ్రామసభల తీర్మానం అయినంకనే పని మొదలు. మొదటి ఏడాది ఖర్చంత అన్నదమ్ములది, రెండో ఏడు నుంచి ఏటేటా తగ్గుకుంట ఆరో ఏటికి ఆళ్ల వాటా సార్ జీతం ఒక్కటే. చదివే పిల్లలు నెలకు 50 రూపాయలు. లేనోళ్లకు మాఫీ, ఎవరికి మాఫీ అనేది గోడకు రాయం. గది ఊడ్చి తాళం తీసే మనిషి జీతం ఒప్పందంలనే అంకెతోని రాసినం, గల్ఫ్ పోయిన పిల్లగాడు యాదికొచ్చి. జిల్లా గ్రంథాలయ సంస్థకు పుస్తకాల కోసం దరఖాస్తు, దానికి మా ఊరి గ్రంథాలయ పన్ను లెక్క జతచేసినం. ఆ లెక్క రాసేటప్పుడు కార్యదర్శి సారు కొంచెం ఇబ్బంది పడ్డడు గాని రాసిండు.

మూడు నెలలకొకసారి లెక్క చెప్పే కమిటీల ఏడుగురు. ముగ్గురు చదివే పిల్లలు, అందుల ఇద్దరు ఆడపిల్లలు. అన్నదమ్ముల నుంచి ఒక్కరే. దీని మీద పెద్దన్న కొంచెం అలిగిండు. "పైసలు మావి, ఓటు ఒక్కటా?" అన్నడు. సర్పంచమ్మ నవ్వి, "అన్నా, వాటర్ ప్లాంట్ల ఓట్లన్నీ మీవే ఉండె గదా" అన్నది. ఆయన కూడా నవ్విండు. ఒప్పుకున్నడో లేదో గ్రామసభ నాటికి తెలుస్తది.

ఆఖరుకు మేం ఒక షరతు పెట్టినం. హాల్ పని మొదలుపెట్టే ముందు వాటర్ ప్లాంట్‌ను రాతపూర్వకంగ పంచాయతీకి అప్పజెప్పాలె, పాత బిల్లు బాకీ అన్నదమ్ములు సగం, ఊరు సగం కట్టాలె. పెద్దన్న సరే అన్నడు. మెకానిక్‌ను తోలుకొచ్చినం. షట్టర్ ముందట నిలబడి తాళంచెవి ఎవరి కాడున్నదని అడిగిండు. కరీంనగర్ చుట్టానికి ఫోన్ చేస్తే ఊర్లనే ఇచ్చి ఒచ్చిన అంటున్నడు. ఎవరికిచ్చిండో ఆయనకు యాదికి లేదు. ఇంకా దేవులాడుతున్నం.